పైలట్ శిక్షణకు ఎక్కడ చేరాలి: ఓరుగల్లు వైపు ఇళ్ల కోసం ఒక పోలిక

మామునూరు ఎయిర్‌పోర్టు గురించి పేపర్లో ఏ చిన్న వార్త పడ్డా, హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లల ఇళ్లలో పైలట్ కోర్సు మాట లేస్తుంది. 1930లో నిజాం హయాంలో కట్టి, 1981 నుంచి మూతపడ్డ ఆ ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. సంతోషమే. కానీ అక్కడ ప్రయాణికుల విమానాలు దిగడం వేరు, పైలట్ స్కూల్ నడవడం వేరు. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో పాత రన్‌వే ఉంది, ఆదిలాబాద్‌లో పాత ఎయిర్‌ఫీల్డ్ ఉంది. వాటిని చూసి ఆశ పెట్టుకోవద్దు. మన వైపు పిల్లలు ఈ చదువుకు ఇల్లు వదిలి పోవాల్సిందే. ఎటు పోవాలి, ఎంత అవుతుంది అన్న లెక్క కోసమే ఇది రాస్తున్నాను.

మా బంధువుల పిల్లాడి కోసం, తర్వాత అడిగిన మరికొందరి కోసం ఈ స్కూళ్ల గురించి వాకబు చేస్తూ వచ్చాను. అందులో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. బ్రోషర్ మీద ఉన్న ఫీజును పోల్చి లాభం లేదు. లైసెన్స్ చేతికి వచ్చిన రోజు నాటికి మొత్తం ఎంత అయింది, ఎన్ని నెలలు పట్టింది, ఈ రెండే పోల్చాలి. ఆ రెండింటినీ తేల్చేది నెలకు మీ పిల్లాడు ఎన్ని గంటలు ఎగురుతాడన్నది.

ఏ స్కూల్ గేటు ఎక్కే ముందైనా చేయాల్సిన పనులు

మొదటిది మెడికల్. పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 అనే వైద్య పరీక్షలు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు క్లాస్ 1 తప్పనిసరి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు, జోడు పెట్టుకుంటే చూపు సరిగ్గా ఉండాలి. రంగులు గుర్తించడంలో తేడా ఉంటే మాత్రం చాలా ఇబ్బంది. ఇది ముందే తెలియాలి. ఫీజు కట్టాక, హాస్టల్‌లో చేరాక క్లాస్ 1లో ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. కొన్ని స్కూళ్లు "ముందు అడ్మిషన్ తీసుకోండి, మెడికల్ మేం చూసుకుంటాం" అంటాయి. క్లాస్ 1 చేతిలో పడకుండా పెద్ద మొత్తం ఎవరికీ కట్టవద్దు.

రెండోది అర్హత. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ చదివిన వాళ్లు ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ఓపెన్ స్కూల్ ద్వారా మ్యాథ్స్ రాసి వస్తున్నారు. డీజీసీఏ పరీక్షలకు కూర్చోవాలంటే కంప్యూటర్ నంబర్ అనే గుర్తింపు నంబర్ కావాలి, దానికి బోర్డు నుంచి మార్కుల వెరిఫికేషన్ అడుగుతారు. ఇంటర్ బోర్డు చుట్టూ తిరిగే ఆ పని ఫలితాలు వచ్చిన వెంటనే మొదలుపెట్టండి.

మూడోది పరీక్షలు. నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు రాయాలి. ఒక్కోదానిలో 70 శాతం వస్తేనే పాస్. వీటికి తోడు విమానం రేడియోలో మాట్లాడటానికి రేడియో లైసెన్స్ ఉంటుంది. ఈ పేపర్లను ఎగిరే శిక్షణకు ముందే, హైదరాబాద్‌లో కోచింగ్‌తోనో ఇంట్లో చదువుకునో, వీలైనన్ని పాస్ అవ్వమని గట్టిగా చెబుతాను. కోచింగ్‌కు రెండు మూడు లక్షలు పోతాయి, నిజమే. కానీ ఈ చదువు పిల్లాడికి పడుతుందా లేదా అన్నది నలభై లక్షలు కట్టకముందే తేలిపోతుంది. పైగా పేపర్లు పూర్తయిన పిల్లాడు స్కూల్లో చేరితే ఇక ఎగరడమే పని. మిగతావాళ్లు పరీక్షల కోసం సెలవులు పెట్టే నెలల్లో అతను గంటలు పూర్తి చేసుకుంటాడు.

దేన్ని బట్టి పోల్చాలి

లైసెన్స్‌కు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా తన మీదే వేసుకుని నడిపి ఉండాలి. దూరం పోయి రావడం, రాత్రి ఎగరడం, పరికరాలను చూసుకుంటూ నడపడం, వీటికి వేర్వేరుగా గంటల లెక్క ఉంటుంది. ఈ 200 గంటలూ దరఖాస్తుకు ముందు అయిదేళ్లలోపు ఎగిరినవై ఉండాలి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఒక స్కూల్ దగ్గర పది విమానాలు ఉన్నాయని గోడ మీద రాసి ఉంటుంది. ఏ రోజైనా ఎగరగలిగేవి అయిదు అనుకుందాం, మిగతావి సర్వీసింగ్‌లో, విడిభాగాల కోసం ఎదురుచూపులో ఉంటాయి. ఒక్కోటి రోజుకు నాలుగు గంటలు, నెలలో వాతావరణం కుదిరిన 22 రోజులు ఎగిరితే మొత్తం 440 గంటలు. అక్కడ 60 మంది పిల్లలు ఉంటే తలా ఏడు గంటల పైచిలుకు. 200 గంటలకు 27 నెలలు. అదే విమానాలు, 30 మంది పిల్లలే అయితే 14 నెలల్లోపు. ఫీజు రెండు చోట్లా ఒకటే కావచ్చు. కానీ మొదటి చోట ఏడాదికి పైగా అదనంగా హాస్టల్ ఖర్చు, అప్పు మీద వడ్డీ, ఏడాది ఆలస్యంగా ఉద్యోగం. 50 లక్షల అప్పుకు 11 శాతం వడ్డీ అంటే ఏడాదికి అయిదున్నర లక్షలు. బ్రోషర్లో ఈ అంకె ఎక్కడా ఉండదు.

అందుకే స్కూల్‌కు పోయిన రోజు కౌన్సెలర్ గదిలో కూర్చోవద్దు. ఫ్లైట్ ఆపరేషన్స్ గదిలో వైట్‌బోర్డు ఉంటుంది, అది చూడండి. ఎడమ వైపు విమానాల రిజిస్ట్రేషన్ గుర్తులు, పక్కన గంటల వారీగా పిల్లల పేర్లు, ఇన్‌స్ట్రక్టర్ల పొట్టి పేర్లు రాసి ఉంటాయి. ఏ విమానం వరుస పొద్దంతా ఖాళీగా ఉంది, దేని పక్కన ఎర్ర మార్కర్‌తో కొట్టేసి ఉంది, ఒకే ఇన్‌స్ట్రక్టర్ పేరు ఎన్ని గళ్లలో ఉంది, ఇవన్నీ అక్కడే కనిపిస్తాయి. నేను పోయిన ఒక చోట బోర్డు సగం ఖాళీగా ఉంది, బయట చెట్టు కింద యూనిఫాం వేసుకున్న పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. పోయిన వారం ఎంత ఎగిరావని ఒకబ్బాయిని అడిగితే, "గంటన్నర అంకుల్, ఇంజిన్ పోయింది, కొత్తది వస్తదంటున్నరు" అన్నాడు. ఆ స్కూల్ ఫీజు మిగతా వాటికన్నా తక్కువే.

రెండో గీటురాయి, ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయి. మన దగ్గర వరికోత మిషన్‌ను గంట లెక్కన మాట్లాడుకున్నట్టే ఇక్కడా అసలు లెక్క గంటకు ఎంత అన్నదే. గంట ఎప్పుడు మొదలవుతుందో కూడా అడగాలి. చాలా చోట్ల చక్రాలు కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకా లెక్క కడతారు. బిజీ ఎయిర్‌పోర్టులో రన్‌వే కోసం ఆగిన సమయమూ అందులోనే పోతుంది. రెండు ఇంజిన్ల విమానం మీద గంటలు, పరికరాలను చూసుకుంటూ నడపడానికి ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, పరీక్షగా ఎగిరే చెక్ ఫ్లైట్లు, ల్యాండింగ్ చార్జీలు, పరీక్ష ఫెయిలైతే మళ్లీ ఎగరాల్సిన గంటలు ఫీజులో ఉన్నాయా, బయటా? ఇంధనం ధర పెరిగితే తేడా ఎవరు భరిస్తారు? జీఎస్టీ అని వేరే గీత వేస్తే కూడా అడగండి. డీజీసీఏ ఆమోదం ఉన్న స్కూల్ నడిపే ఆమోదిత ఫ్లయింగ్ కోర్సుకు జీఎస్టీ మినహాయింపు ఉందని 2024లో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టం చేసింది.

ఇంధనం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. సెస్నా 152, 172 లాంటి చాలా శిక్షణ విమానాలు ఆవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోల్ మీద నడుస్తాయి. ఒకప్పుడు ఇది మొత్తం దిగుమతే, 2022లో ఇండియన్ ఆయిల్ దేశంలోనే తయారు చేయడం మొదలుపెట్టింది. డైమండ్ డీఏ40 రకంలో డీజిల్ ఇంజిన్ ఉన్నవి మామూలు జెట్ ఇంధనంతో నడుస్తాయి. ఆవ్‌గ్యాస్ స్టాక్ అయిపోయి ఎగరడం ఆగిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని అక్కడి పిల్లలనే అడగండి, ఆఫీసును కాదు.

మూడోది డీజీసీఏ ఇచ్చే ర్యాంకు. 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు గ్రేడ్లు ఇస్తున్నారు. శిక్షణ తీరు, భద్రత, పిల్లలకు అందే సహాయం లాంటివి చూసి ఇస్తారు. మొదటి జాబితాలో పై రెండు గ్రేడ్లు ఒక్క స్కూల్‌కూ దక్కలేదు. కాబట్టి "దేశంలో నంబర్ వన్" అని ఎవరైనా అంటే ఆ జాబితా తీసి ముందు పెట్టండి.

ఒక్క చూపులో

ఇవి అడిగి తెలుసుకున్న మోటు అంచనాలు. స్కూల్‌ను బట్టి, ఏడాదిని బట్టి మారుతాయి. ఉండటం, తినడం ఖర్చు మొదటి మూడు వరుసల్లో కలపలేదు.

| దారి | సుమారు ఖర్చు | పట్టే కాలం | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|
| హైదరాబాద్ చుట్టుపక్కల | 35–50 లక్షలు | ఏడాదిన్నర నుంచి మూడేళ్లు | రన్‌వే సమయం, విమానాల కొరత |
| ఇగ్రువా (కేంద్ర ప్రభుత్వ అకాడమీ), ఫుర్సత్‌గంజ్ | సుమారు 45 లక్షలు, పై ఖర్చులు వేరు | రెండేళ్ల చుట్టూ | ఎంట్రన్స్, చలికాలం పొగమంచు |
| గోండియా, కలబురగి, బారామతి వైపు | 40–60 లక్షలు | ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు | ఒక్కో స్కూల్ ఒక్కో తీరు |
| ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్ (ఎయిర్‌లైనే ఎంపిక చేసి నేర్పించేది) | 80 లక్షల నుంచి కోటి దాటి | రెండేళ్ల చుట్టూ | ఎంపిక కష్టం, అప్పు భారీ |
| విదేశం | 45–75 లక్షలు, బస కలిపి | శిక్షణ ఏడాది, తర్వాత ఇక్కడి లైసెన్స్‌గా మార్పిడి | డాలర్ రేటు, వీసా, రెండోసారి పరీక్షలు |
| ఎయిర్‌ఫోర్స్ | ఖర్చు లేదు | ఇంటర్ తర్వాత చేరితే నాలుగేళ్ల చుట్టూ, డిగ్రీ తర్వాత అయితే తక్కువ | ఎంపిక, సర్వీస్ నిబంధన |

క్యాడెట్ ప్రోగ్రామ్ తప్ప మిగతా సివిల్ దారుల్లో టైప్ రేటింగ్ వేరు. ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం నడపడానికి ప్రత్యేకంగా తీసుకునే శిక్షణ అది. దానికి మరో 12 నుంచి 18 లక్షలు పక్కన పెట్టుకోవాలి.

హైదరాబాద్

వరంగల్ వాళ్లకు ఇదే అన్నింటికన్నా దగ్గర. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పిల్లాడిని చూసి రావచ్చు. ఇంటికి దూరంగా ఎప్పుడూ ఉండని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలను దూరం పంపడానికి జంకే ఇళ్లకు, ఇది చిన్న విషయం కాదు. బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా ఉన్నది ఇదే. నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్‌లో ప్రైవేటు స్కూల్ ఉంది.

బేగంపేట నుంచి 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయాయి. అయినా అది ఖాళీ మైదానం కాదు. ఎయిర్‌ఫోర్స్ పని ఉంటుంది, వీఐపీలు వస్తుంటారు, అప్పుడు శిక్షణ విమానాలు కిందే ఆగుతాయి. మరోవైపు, కంట్రోల్ టవర్‌తో మాట్లాడుతూ నగరం మీద ఎగరడం మొదటి నుంచే అలవాటవుతుంది. రేడియోలో తడబడకుండా మాట్లాడే పిల్లలు ఇలాంటి చోట్ల తయారవుతారు, అది నేను గమనించాను.

ఇక్కడ చేరాలనుకుంటే నా సలహా: గత ఆరు నెలల్లో ఎంతమంది 200 గంటలు పూర్తి చేసి బయటికి వచ్చారో పేర్లతో అడగండి. వాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడాకే నిర్ణయం తీసుకోండి. ఇంటికి దగ్గరని చేరి, నెలకు అయిదారు గంటలు ఎగురుతూ మూడేళ్లు గడిపితే ఆ దగ్గరతనానికి చాలా ఖరీదు కట్టినట్టే.

ఇగ్రువా

ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ కేంద్ర పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. ఎంట్రన్స్ రాయాలి, అందులో ఇంటర్ స్థాయి ఇంగ్లిష్, మ్యాథ్స్, ఫిజిక్స్, రీజనింగ్ ఉంటాయి. ఆ తర్వాత ఆప్టిట్యూడ్ పరీక్ష, ఇంటర్వ్యూ. రిజర్వేషన్లు ఉంటాయి.

ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్) కోసం రెండేళ్లు లెక్కలు చేసిన మన పిల్లలకు ఈ ఎంట్రన్స్ కొండ ఎక్కడమేమీ కాదు. అయినా ఉత్తర తెలంగాణ నుంచి రాసేవాళ్లు చాలా తక్కువ కనిపిస్తారు. నోటిఫికేషన్ వచ్చిన సంగతే తెలియదు. ఎంపీసీలో బాగా చదివే పిల్లాడికి నేను మొదట చెప్పేది ఇదే: రాసి చూడు. సీటు రాకపోతే పోయేది దరఖాస్తు ఫీజు, ఆ రోజుల చదువు మాత్రమే, ఆ చదువూ వేరే చోట పనికొస్తుంది. డిసెంబరు, జనవరిల్లో గంగా మైదానంలో పొగమంచు పట్టి ఎగరడం మందగిస్తుంది. దానికి మానసికంగా సిద్ధంగా ఉండాలి. భోజనం, చలి, హిందీ, ఈ మూడూ మొదటి రెండు నెలలు ఏడిపిస్తాయి. ఆ తర్వాత పిల్లలు సర్దుకుంటారు.

గోండియా, కలబురగి, బారామతి

కాజీపేట నుంచి బల్హార్షా మీదుగా గోండియాకు రైలు మార్గం ఉంది. ఆసిఫాబాద్ వాళ్లకైతే ఇది హైదరాబాద్ కన్నా పెద్ద దూరమేమీ అనిపించదు. అక్కడి బిర్సీ ఎయిర్‌పోర్టులో ఉన్న నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్, కెనడాకు చెందిన సీఏఈ, మన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి పెట్టింది. ఎయిర్‌లైన్ క్యాడెట్ల శిక్షణ కూడా అక్కడ జరుగుతుంది కాబట్టి పద్ధతి కాస్త కట్టుదిట్టంగా ఉంటుంది. ప్రయాణికుల విమానాల రద్దీ తక్కువ ఉండటం శిక్షణకు కలిసొచ్చే విషయం.

కలబురగి, బెళగావి, జళగావ్, ఖజురహో, లీలాబరి ఎయిర్‌పోర్టుల్లో ఫ్లయింగ్ స్కూళ్లకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2021లో చోటు కేటాయించింది. బారామతిలో ముందు నుంచే స్కూళ్లు ఉన్నాయి. మహారాష్ట్రలోని అమరావతిలో సొంత శిక్షణ సంస్థ పెడుతున్నట్టు ఎయిర్ ఇండియా 2024లో ప్రకటించింది. ఈ వైపు స్కూళ్లకు వానాకాలమే పరీక్ష. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు కిందికి దిగి చాలా రోజులు ఎగరనివ్వవు. ఆ నెలల్లో పిల్లలు ఖాళీగా ఉంటారా, సిమ్యులేటర్ మీద, పేపర్ల మీద పని చేయిస్తారా అని అడగాలి. వీలుంటే స్కూల్ చూడటానికి ఆగస్టులోనే పోండి. ఎండ కాసిన ఫిబ్రవరిలో అన్ని స్కూళ్లూ బాగానే కనిపిస్తాయి.

ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్‌లు

ఇండిగో లాంటి ఎయిర్‌లైన్స్ కొన్ని స్కూళ్లతో ఒప్పందం చేసుకుని క్యాడెట్లను తీసుకుంటాయి. శిక్షణ, టైప్ రేటింగ్ రెండూ కలిపి ఒకే ఫీజు. చివర్లో అన్ని అర్హతలూ సాధిస్తే ఉద్యోగం ఇస్తామనే షరతుతో కూడిన పత్రం ఉంటుంది. షరతు అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. నిర్ణీత ప్రమాణం అందుకోకపోయినా, ఎయిర్‌లైన్‌కు ఆ సమయంలో అవసరం లేకపోయినా ఆ పత్రం చూపించి ఉద్యోగం అడగలేం.

అయినా ఇంట్లో డబ్బు ఉన్నవాళ్లకు, ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ నెగ్గగల పిల్లలకు ఇది మంచి దారి. విమానాలు లేక ఆగిపోవడం తక్కువ, పద్ధతి పక్కాగా ఉంటుంది. డబ్బు లేనివాళ్లు మాత్రం ఇల్లు, పొలం రెండూ బ్యాంకులో పెట్టి కోటి రూపాయల అప్పుతో ఇందులో దిగడాన్ని నేను సమర్థించలేను. 50 లక్షల అప్పునే పదేళ్లలో 11 శాతం మీద తీరిస్తే నెలకు దాదాపు 69 వేల కిస్తీ. కోటి అయితే దానికి రెట్టింపు. లైసెన్స్ వచ్చాక ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టినా కిస్తీ ఆగదు.

విదేశం

అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఫిలిప్పీన్స్ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. అక్కడ కుదిరే మేలు వేగం. మంచి స్కూల్లో విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు పుష్కలంగా ఉంటారు, వాతావరణం అనుకూలించే చోట ఏడాదిలోపే గంటలు పూర్తవుతాయి.

కానీ ఆ లైసెన్స్‌తో నేరుగా ఇక్కడ ఉద్యోగం రాదు. డీజీసీఏ లైసెన్స్‌గా మార్చుకోవాలి. పేపర్లు పాస్ కావాలి, డీజీసీఏ క్లాస్ 1 ఉండాలి, ఇక్కడ మళ్లీ విమానంలో టెస్టులు ఇవ్వాలి. ఈ మార్పిడికి తక్కువలో తక్కువ కొన్ని నెలలు, కొన్ని లక్షలు. మన డీజీసీఏ అడిగే గంటల విభజన అక్కడి విభజనతో సరిపోకపోతే తిరిగొచ్చాక లోటు పూడ్చుకోవాలి. చేరే ముందే మన లెక్క కాగితం మీద రాసి ఆ స్కూల్‌కు ఇవ్వండి. ఖర్చు 60 వేల డాలర్లయితే, డాలర్ మీద ఒక్క రూపాయి పెరిగినా మీ మీద 60 వేల రూపాయలు పడుతుంది. ఏజెంట్ ఎవరైనా "అంతా కలిపి ఇంతే" అంటే డాలర్ రేటు ఎంత అనుకుని చెప్పాడో అడగండి.

ఇంకో సంగతి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు పీజీ, పీహెచ్‌డీ లాంటి పై చదువుల కోసం పెట్టినవి. పైలట్ శిక్షణకు వాటిని లెక్కలో వేసుకోవద్దు.

ఎయిర్‌ఫోర్స్

డబ్బే అసలు సమస్య అయిన ఇళ్లు ఈ దారిని ఎందుకు ముందుగా చూడవో నాకు అర్థం కాదు. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష, డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ అనే ఎయిర్‌ఫోర్స్ ఎంపిక పరీక్ష. అమ్మాయిలకూ రెండూ తెరిచే ఉన్నాయి. హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. పైసా కట్టకుండా పైలట్ అవుతారు. ఎంపికలో పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్షకు జీవితంలో ఒక్కసారే అవకాశం ఉంటుంది, చూపు ప్రమాణాలు సివిల్ కన్నా కఠినం, చాలా ఏళ్లు సర్వీస్ చేయాలి. అది యూనిఫాం జీవితం, ఎయిర్‌లైన్ ఉద్యోగం కాదు. ఆ జీవితం ఇష్టమైన పిల్లలకే చెబుతున్నాను.

ఎవరికి ఏది

రెండెకరాలు అమ్మి చదివిద్దామనుకునే రైతు ఇంటికి నా మాట ఇది. ముందు మెడికల్, తర్వాత పేపర్లు, ఆ తర్వాత ఇగ్రువా ఎంట్రన్స్. ఈ మూడూ అయ్యేదాకా భూమి బేరానికి పెట్టకండి. నర్సంపేట వైపు నాకు తెలిసిన ఒక కుటుంబంలో పిల్లాడే ఈ మాట అన్నాడు, "బాపూ, మూడు పేపర్లు పాసైనంక అమ్ముదాం" అని. అతను రెండు పేపర్లు పాసయ్యాడు, మూడోది రాస్తున్నాడు, భూమి ఇంకా వాళ్ల పేరు మీదే ఉంది. ఇగ్రువా సీటు రాకపోతే గోండియా వైపు, హైదరాబాద్ వైపు నెలసరి గంటల లెక్క చూసి ఏది మెరుగైతే అది.

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులై, తాకట్టుకు ఇల్లు ఉండి, అప్పు తీర్చగల ఆదాయం ఉన్నవాళ్లు క్యాడెట్ ప్రోగ్రామ్‌కు ప్రయత్నించవచ్చు. ఎంపిక కాకపోతే మంచి ప్రైవేటు స్కూల్ మీద దృష్టి పెట్టండి.

బీటెక్ అయి, కొన్నేళ్లు ఐటీలో పనిచేసి, సొంత డబ్బుతో దిగేవాళ్లకు కాలమే విలువైనది. వాళ్లకు విదేశం లేదా పక్కాగా నడిచే గోండియా లాంటి చోటు కుదురుతుంది. ఉద్యోగం చేస్తూ పేపర్లు పూర్తి చేసి, అప్పుడే రాజీనామా ఇవ్వండి.

టైప్ రేటింగ్ మాత్రం ఎవరైనా సరే, లైసెన్స్ వచ్చిన మర్నాడే సొంత డబ్బుతో చేయించుకోవద్దు. ఏ ఎయిర్‌లైన్ ఏ విమానానికి పైలట్లను తీసుకుంటోందో చూశాక చేయండి. ఏ320 రేటింగ్ ఉన్న పిల్లాడికి బోయింగ్ 737 నడిపే కంపెనీలో ఆ రేటింగ్ పనికిరాదు. పైగా రేటింగ్ తీసుకుని ఎగరకుండా కూర్చుంటే మళ్లీ చెక్‌లకు డబ్బు పెట్టాలి.

సంతకం పెట్టే ముందు

ఫీజు మొత్తం ఒకేసారి కడితే రెండు మూడు లక్షలు తగ్గిస్తామని కొన్ని స్కూళ్లు ఆశ చూపిస్తాయి. ఒప్పుకోవద్దు. ఎగిరిన గంటలతో ముడిపెట్టి కిస్తీలు పెట్టించుకోండి, ఉదాహరణకు ప్రతి 40 గంటలకు ఒకటి. మొత్తం ముందే కట్టేసిన పిల్లాడి కోసం ఎవరూ తొందరపడరు. ఎడ్యుకేషన్ లోన్ అయితే బ్యాంకు మేనేజర్‌తో కూడా ఇలాగే దశలవారీగా విడుదల చేయమని మాట్లాడండి. స్కూల్ డీజీసీఏ ఆమోద పత్రం చెల్లుబాటు తేదీ చూడండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, స్కూల్‌కు అనుమతి ఆగితే ఏం చేస్తారు, ఈ రెండూ నోటి మాటగా కాకుండా ఒప్పందంలో రాయించుకోండి. రసీదు స్కూల్ పేరు మీదే ఉండాలి, కన్సల్టెన్సీ పేరు మీద కాదు.

చేరాక పిల్లాడికి ఒక్క పని అలవాటు చేయండి. ఎగిరిన రోజే ఆ గంటలు లాగ్‌బుక్‌లో రాసి, వారానికోసారి ఇన్‌స్ట్రక్టర్ సంతకం చేయించి, ఆ పేజీని ఫోటో తీసి ఇంటికి పంపమనండి. స్కూల్ మారాల్సి వచ్చినా, గంటల మీద తగాదా వచ్చినా చేతిలో ఉండే ఆధారం అదే. నెలాఖరున ఆ ఫోటోల్లో గంటలు కూడితే, కట్టిన డబ్బుకు పని జరుగుతోందా లేదా అన్నది వరంగల్‌లో ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. వరుసగా రెండు నెలలు పది గంటలకన్నా తక్కువ కనిపిస్తే, వాన, పొగమంచు కారణం కాకపోతే, తర్వాతి కిస్తీ కట్టకుండా బండెక్కి పోయి ఆ వైట్‌బోర్డు ముందు మళ్లీ నిలబడండి.